మంచం కింది పెట్ట

చాంద్రమానం తొమ్మిదో నెల, పదకొండో నాడు, పొద్దుటి పూట

చుయ్‌లియెన్‌కు అత్తయ్య దీవెనలు.

నేనూ మీ మామయ్యా ఒంట్లో బాగానే ఉన్నాం. సముద్రం మీంచి చలిగాలి మొదలైంది గానీ పెంకులింకా ఇంటి మీదే ఉన్నాయి. నువ్వూ, కోక్‌హింగూ, నీ కడుపులో ఉన్న మూడో మనిషీ అక్కడ కావోషుంగ్‌లో చల్లగా ఉన్నారని నమ్ముకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వేరే దారి లేదు, నమ్ముకోవాలి.

నిన్న నేనిచ్చిన టెలిగ్రాం చూసి ఇద్దరూ హడలిపోయి ఉంటారు. "చుయ్‌లియెన్‌ను ఇవాళే డాక్టరుకు చూపించు. ఆగొద్దు. అమ్మ." అంతకంటే ఎక్కువ రాయడానికి నాకు మాటలు రాలేదు. టెలిగ్రాం ఆఫీసు గుమాస్తా కళ్ళజోడు పైకి తోసి, "ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందా, పెద్దమ్మా?" అన్నాడు. "ఇంకా రాలేదు, అందుకే ఇస్తున్నా" అన్నాను. ఎందుకిచ్చానో ఈ ఉత్తరంలో రాస్తాను. నేరుగా ఆ మాట దగ్గరికి నడవలేను తల్లీ, కాస్త చుట్టు తిరిగి వస్తాను. ఓపిక పట్టు.

నీ ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. మామయ్య మోకాలు ఎలా ఉందన్నావు. మోకాలు అలాగే ఉంది, నోరే పెరిగింది. ఆటుపోట్లు చూసి నీళ్ళలోకి దిగడం మానేశాడు, ఆల్చిప్పలు పెంచే తడికలన్నీ తమ్ముడి కొడుక్కి అప్పజెప్పి, ఒడ్డున కూర్చుని వాడికి వంకలు పెడుతున్నాడు. నువ్వు పంపిన పట్టీ మోకాలికి చుట్టుకోమంటే, "ఇది ఆడవాళ్ళ రంగు" అని పెట్టెలో దాచాడు. ఎండబెట్టిన ఆల్చిప్ప మాంసం ఇంకో పొట్లం కావాలన్నావు, సోమవారం పంపుతాను. పురిటికి ఇక్కడికి రమ్మంటారా అని అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను.

నాలుగోది ప్రతి ఉత్తరంలోనూ అడిగేదే. "అత్తయ్యా, నా పువ్వు గుడ్డు పెడుతోందా?" ఈసారి దాని కింద ఇంకో రెండు వరుసలు రాశావు. రెండు రోజులుగా బిడ్డ కదలిక తగ్గినట్టుంది, కానీ పువ్వు వారానికి రెండు పెడుతోందని మీరు రాశారుగా, అందుకే నాకు భయం లేదు, అని. ఆ వరుసలు చదివేసరికి ఆల్చిప్పలు ఒలిచే కత్తి కింద పడేసి లేచాను. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు, బస్సెక్కి టెలిగ్రాం ఆఫీసుకి వెళ్ళాను.

ఎందుకంటే నేను రాసింది అబద్ధం. పెట్ట వారానికి రెండు పెట్టడం లేదు. పోయిన నెల చావు దాకా వెళ్ళి వచ్చింది. ముందు ఆ సంగతి విను.

పున్నమి పండగ వెళ్ళిన నాలుగో నాడు. పొద్దున్నే గంప ఎత్తితే బయటికి రాలేదు. ఈకలన్నీ ఉబ్బించుకుని మూలన కూర్చుంది. పొదుగుకు కూర్చుందేమో అనుకున్నాను. ఆ మాట మనసులోకి రాగానే నాకు చెమట పట్టింది, ఎందుకో తరవాత రాస్తాను. గోడవతల బాతులకు తవుడు కలుపుతున్న బాంగ్‌చీ వదినను కేకేశాను. ఆవిడ సంగతి నీకు తెలుసుగా, నలభై ఏళ్ళు బాతుల్ని పెంచింది, మనుషుల కంటే వాటితోనే మర్యాదగా మాట్లాడుతుంది.

"చెయ్యి పెట్టు" అంది గోడ మీంచే.

పెట్టాను.

"పొడిచిందా?"

"లేదు."

"గుర్రుమందా?"

"లేదు వదినా, కళ్ళు మూసుకుంది."

"పొదుగుకోడి కింద చెయ్యి పెడితే చెయ్యి వెనక్కి రాదే. తోక చూడు. పైకీ కిందకీ ఆడిస్తోందా?"

ఆడిస్తోంది. నిలబెడితే కాళ్ళు ఎడంగా పెట్టి, ఛాతీ పైకెత్తి, నీళ్ళ బిందె మోస్తున్న మనిషిలా నిటారుగా నిలబడింది. రెండడుగులు వేసి ఆగి ముక్కింది. ఊఁ అని చిన్న మూలుగు. జుట్టు ఎరుపు దిగి పాలిపోయింది. కిందంతా రెట్ట అంటుకుపోయి ఉంది.

బాంగ్‌చీ వదిన గోడ దిగి వచ్చింది. రెండు వేళ్ళతో తోక కింద మెల్లగా తడిమి, "ఇదుగో, ఇక్కడుంది. గుడ్డు అడ్డం పడింది. దీనికి పొదుగేంటి నా మొహం, ఇది పురిటి నొప్పి పడుతోంది" అంది. నేను పొట్ట నొక్కబోయాను. నా చేతి మీద ఒక్కటిచ్చింది. "నొక్కావంటే లోపలే పగులుద్ది. పెంకులు గుచ్చుకుని చస్తుంది. వేన్నీళ్ళు పెట్టు. పసిబిడ్డకి పోసేంత వేడి, మోచెయ్యి పెట్టి చూసుకో."

బేసిన్‌లో పొట్ట మునిగేదాకా కూర్చోబెట్టాం. అమ్మవారి ముందు ఒక అగరుబత్తి వెలిగించి, అది సగం కాలేదాకా నీళ్ళలోనే ఉంచమంది. అది మొదట రెక్కలు కొట్టుకుంది, తరవాత వేడికి మెత్తబడి నా మణికట్టు మీద తల పెట్టి ఊరుకుంది. మామయ్య గుమ్మంలో నిలబడి, "మొగుడు వేన్నీళ్ళు అడిగితే మోకాలికి గాలి తగలనియ్యి అంటుంది, కోడికి మాత్రం స్నానాలు" అన్నాడు. "నువ్వు గుడ్డు పెట్టు, నీకూ పోస్తాం" అంది బాంగ్‌చీ వదిన. తరవాత తుడిచి, గుడ్డు వచ్చే చోట వేరుశెనగ నూనె రాసి, చీకటి మూలన గోనెపట్టా మీద పెట్టాం. ఇంకో అగరుబత్తి కాలింది. గుడ్డు రాలేదు.

"ఇంకొంచెం చూద్దామా?" అన్నాను. ఆవిడ చూడొచ్చు అనేలోపే నేనే లేచాను. పెట్టను బుట్టలో పెట్టుకుని పది గంటల బస్సు పట్టుకున్నాను. పశువుల డాక్టరు ఉండేది పేకాంగ్ బజారు వీధిలో. ఆయన ఒక సూది వేసి, వేలికి నూనె పూసుకుని, ఓపిగ్గా పావుగంట కూర్చుని గుడ్డు తీశాడు. తోలుగుడ్డు. పెంకు లేదు, తడి కాగితంలా ఉంది, ఆయన అరచేతిలో ఒక పక్కకి ఒరిగిపోయింది.

"ఏం పెడుతున్నారమ్మా దీనికి?"

"తెల్ల బియ్యం. ఇది మా కోడలి పుట్టింటి నుంచి వచ్చిన పెట్ట. పారబోసిన మెతుకు కూడా ముట్టనివ్వం."

"తిరగనిస్తారా?"

"గంప కిందే. కుక్కలున్నాయి."

"ఎండ లేదు, సున్నం లేదు. పెంకు ఆకాశంలోంచి ఊడిపడుతుందా? ఏ ఊరు మీది?"

చెప్పాను. ఆయన సూది పక్కన పెట్టి పకపకా నవ్వాడు. "ఇళ్ళ వెనక కొండలు కొండలు ఆల్చిప్పలు పెట్టుకుని, సున్నం లేక కోడిని చంపుకుంటారా! కాల్చి, దంచి, చిటికెడు పెట్టండి. ఎండలో వదలండి. వయసైన పెట్ట, మళ్ళీ ఇలా అయితే మళ్ళీ తీసుకురండి." బుట్ట మూత వేస్తున్నప్పుడు ఇంకో మాటన్నాడు. "పొద్దున్నే తెచ్చారు కాబట్టి బతికిందమ్మా. సాయంత్రందాకా ఆగి ఉంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు."

ఆ మాటే నాలుగేళ్ళ కిందట ఆ వీధిలోనే విన్నాను, తిరగేసి. బయటికొచ్చి పురుళ్ళ డాక్టరు గేటు ముందుకి వచ్చాను. అక్కడే అరుగు మీద కూలబడ్డాను. బస్సు వెళ్ళిపోయింది.

ఇంతదాకా రాసి ఆపాను. తపాలా మనిషి సైకిలు గంట వినిపించింది.

కోక్‌హింగ్ ఇచ్చిన టెలిగ్రాం. "చూపించాం. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. చుయ్‌లియెన్ క్షేమం. ఎందుకు?"

మామయ్యకి చదివి వినిపించాను. ఆయన మాజూ అమ్మవారి పటానికి దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళాను. నిజం చెబుతున్నాను చుయ్‌లియెన్, ఈ కాగితాలు పొయ్యిలో పెడదామనే వెళ్ళాను. బిడ్డ బాగుంది. గండం గడిచింది. "ముసలిదాన్ని, పీడకల వచ్చి కంగారు పడ్డాను" అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది, మీరిద్దరూ నవ్వుకుంటారు. కాగితం అంచు ఒకటి మాడింది కూడా, ఇదుగో, పై పేజీలో కనబడుతుంది. కానీ ఆ చివరి మాట ఉంది చూడు, ఎందుకు అని. నాలుగేళ్ళుగా అడిగేవాళ్ళు లేక నేను తప్పించుకు తిరిగాను. ఇప్పుడు నా కొడుకే అడిగాడు.

నీ పెళ్ళిరోజు గుర్తుందా? మీ అమ్మ ఎర్ర దారంతో కాళ్ళు కలిపి కట్టి పెట్టనీ పుంజునీ నీతో పంపింది. దారం విప్పి మీ మంచం కింద వదిలి, గింజలు చల్లి, ఏది ముందు బయటికొస్తుందా అని ఊరంతా గుమ్మంలో గుమిగూడాం. పెట్ట ముందొచ్చింది. "మొదటి కాన్పు ఆడపిల్లే" అని అందరూ చప్పట్లు కొట్టారు, నువ్వు సిగ్గుతో తల ఎత్తలేదు. పుంజుని ఆ చలికాలమే పిల్లి ఎత్తుకుపోయింది. ఒళ్ళంతా మచ్చలున్న ఆ పెట్టను నువ్వు పువ్వు అని పిలిచేదానివి. పువ్వూ అంటే వంటింట్లోంచి కూడా పరిగెత్తుకొచ్చేది. ఎడమకాలి వేలు ఒకటి వంకర.

ఆ మరుసటి ఏడు ఆరో నెల. నీకు నెలలు నిండుతున్నాయి, కోక్‌హింగ్ సైన్యం పని మీద దూరపు దీవిలో ఉన్నాడు. పువ్వు గంపలో ఉబ్బి కూర్చుంది. కోడలి వెంట వచ్చిన పెట్ట పొదుగుకు కూర్చుంటే ఆ ఇంట్లో పురుడు సుఖంగా అవుతుందని మనవాళ్ళ నమ్మకం. మేమంతా దాని కోసమే కాచుకుని ఉన్నాం. ఆనందంతో నాకు కళ్ళు కనబడలేదు. తొమ్మిది గుడ్లు తెచ్చి దాని కింద సర్దాను. చెయ్యి పెడితే పొడవలేదు. ఎంత మంచి పెట్టో, నా చెయ్యి కూడా గుర్తుపట్టింది అనుకున్నాను. గంప మీద నల్లగుడ్డ కప్పి, ఎర్ర కాగితం అంటించి, ఎవరూ కదిలించకూడదని చెప్పాను. లోపల అది మూలుగుతుంటే, పిల్లల్ని పిలుస్తోందని నీతో అన్నాను. రెండు రోజులు.

మూడోనాడు పొద్దున గుడ్డ తీస్తే చచ్చిపోయి ఉంది. తోక కింద గట్టిగా ఉండ తగిలింది. అదేమిటో నాకు పోయిన నెల బాంగ్‌చీ వదిన వేళ్ళు చూసేదాకా తెలియదు.

దాన్ని నడుముకి కట్టుకున్న గుడ్డలో చుట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడే నువ్వు గదిలోంచి పిలిచావు. "అత్తయ్యా, రాత్రి నుంచి బిడ్డ కదలడం లేదు."

నేనేం చెప్పానో నీకు గుర్తుండే ఉంటుంది. "నెలలు నిండాక బిడ్డలు అలాగే నిద్రపోతారు, నువ్వూ పడుకో" అన్నాను. తరవాత చేసింది నీకు తెలియదు. నీ పెట్ట చచ్చిందని నీకు తెలిస్తే నీ గుండె ఆగుతుందనుకున్నాను. వాకిట్లో పువ్వు తిరుగుతూ కనబడితే అంతా సర్దుకుంటుందనుకున్నాను. చచ్చిన కుక్కను ఏట్లో వదలాలి, చచ్చిన పిల్లిని చెట్టుకు కట్టాలి అంటారు. కోడలి వెంట వచ్చిన పెట్ట చస్తే ఏం చెయ్యాలో ఏ పెద్దలూ చెప్పలేదు. ఇంటి వెనక ఆల్చిప్పల గుట్టలో గొయ్యి తీసి పూడ్చాను. ప్రాణం ఉండగా చిటికెడు పొడి పెట్టలేదు, పోయాక గంపలకొద్దీ పైన పోశాను.

మామయ్య ఆటు చూసుకుని నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. నేను ఖాళీ బుట్ట పట్టుకుని బస్సెక్కాను. డాక్టరు కోసమని నువ్వు అనుకుని ఉంటావు. నేను కోళ్ళ బజారుకి వెళ్ళాను. అచ్చం పువ్వులాంటి పెట్ట కోసం ముగ్గురి దగ్గర వెతికాను. ఒకడు, "ఏవిటమ్మా, కొడుక్కి పెళ్ళికూతుర్ని ఎంచుతున్నావా, ఇన్ని ఈకలు లెక్కపెడుతున్నావు?" అన్నాడు. నవ్వాను కూడా. పురుళ్ళ డాక్టరు గేటు ముందు నుంచి వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి నడిచాను. రెండోసారి బుట్టలో పెట్ట ఉంది. గేటు తెరిచే ఉంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పెట్టను వాకిట్లో వదిలాకే నీ గదిలోకి వచ్చాను. నీ మొహం చూశాక అరిచాను. బాంగ్‌చీ వదిన మొగుడు మోటారు బండి మీద నిన్ను తీసుకెళ్ళేసరికి దీపాలు పెట్టారు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "పొద్దున్నే తెచ్చి ఉంటే" అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు. తెచ్చి ఉంటే బతికేదో లేదో ఆయనకీ తెలియదేమో. నాకు మాత్రం ఆ మాట నాలుగేళ్ళుగా పూర్తవలేదు.

ఇంకోటుంది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు తిరిగొచ్చాక పరామర్శకు వచ్చినవాళ్ళ ముందు, "గంప ఎత్తొద్దని చెప్పానా లేదా?" అన్నాను. ముందురోజు నువ్వు ఆల్చిప్పల గంప ఎత్తావని. ఆ గంపలో సగం కూడా లేదు, నేను చూశాను. నువ్వు తల దించుకుని, "నాదే తప్పు అత్తయ్యా" అన్నావు. అవునన్నట్టు ఊరుకున్నాను. పోయిన ఉత్తరంలో కూడా రాశావు, ఈసారి చెంబు కూడా ఎత్తడం లేదని. అది చదివి నేను అన్నం తినలేకపోయాను. నీది తప్పు కాదు. గంపది కాదు. నాది.

ఆ నెలంతా బాలింత పథ్యమని నువ్వుల నూనెలో కోడి వండి పెడితే ముక్క ముట్టలేదు నువ్వు. "వద్దత్తయ్యా, పువ్వు చూస్తోంది" అన్నావు. ఒకరోజు దాన్ని ఒళ్ళో పెట్టుకోబోతే తప్పించుకుని పారిపోయింది. "బిడ్డ లేకుండా వచ్చానని ఇది కూడా నన్ను మర్చిపోయింది" అని ఏడ్చావు. నేను గుమ్మంలోనే ఉన్నాను. అప్పుడైనా చెప్పలేదు.

మీరు కావోషుంగ్ వెళ్ళాక మీ గది రోజూ ఊడుస్తున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, గాలి కాస్త ఆగినప్పుడు, మంచం కింద గోళ్ళతో గీకుతున్నట్టు చప్పుడవుతుంది. తరవాత ఊఁ అని ఒక మూలుగు. వంగి చూస్తే ఏమీ ఉండదు. మామయ్య గాలి అంటాడు. గాలికి నొప్పులు వస్తాయా? నేను చీపురు పట్టుకుని నేల మీద కూర్చుని, అది ఆగేదాకా వింటాను. చెయ్యి పెట్టాలని ఉంటుంది. వేన్నీళ్ళు ఎంత వేడి ఉండాలో ఇప్పుడు నాకు తెలుసు.

ఇవాళ మామయ్యతో అంతా చెప్పాను. పెట్టను మార్చానంటే, "తెలుసు, వంకర వేలు రాత్రికి రాత్రి చక్కబడుతుందా?" అన్నాడు. డాక్టరు గేటు సంగతి చెప్పాను. అది ఆయనకు తెలియదు. కత్తి తీసుకుని వాకిట్లో ఆల్చిప్పలు ఒలుస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లోపలికొచ్చి, "రాసింది చింపకు. నేనే వెళ్ళి పోస్టు చేస్తా" అన్నాడు.

కాబట్టి విను. నీ పెట్ట చచ్చిపోయి నాలుగేళ్ళయింది. నువ్వు బతికే ఉన్నావు, మళ్ళీ కడుపు పండింది, బిడ్డ గుండె కొట్టుకుంటోంది. నీ ప్రాణం ఏ కోడికీ కట్టి లేదు. బిడ్డ ఒక పూట కదలకపోతే లేచి డాక్టరు దగ్గరికి నడువు. నన్ను అడగకు, ఉత్తరం కోసం చూడకు, ఎవరు పడుకోమన్నా పడుకోకు. పురిటికి ఇక్కడికి రావద్దు. అక్కడే, ఆసుపత్రి పక్కనే ఉండు. మీ అమ్మను పిలిపించుకో. ఆవిడకు ఈ ఉత్తరం చూపించాలనిపిస్తే చూపించు. నన్ను రమ్మంటే వస్తాను, వద్దంటే ఎండు ఆల్చిప్పలు పంపుతూ ఇక్కడే ఉంటాను.

ఇక్కడున్న పెట్ట కులాసాగా ఉంది. ఆల్చిప్పల పొడి తింటోంది, ఎండలో దుమ్ము స్నానం చేస్తోంది, నిన్న గట్టి గుడ్డు పెట్టింది. అది నిన్ను మర్చిపోలేదు చుయ్‌లియెన్. దానికి నువ్వెప్పుడూ తెలియవు. నువ్వు తెలిసిన పెట్ట, ఆ పొద్దున నేను గుడ్డ తీసినప్పుడు, తల మీ గది గుమ్మం వైపే పెట్టుకుని ఉంది. నువ్వు పిలుస్తావేమోనని.

ఇట్లు,
నువ్వు ఇంకా అలా పిలిస్తే,
నీ అత్తయ్య